పచ్చ పట్టీ కనిపించింది.. సంతకం మాత్రం ఫేక్! 20 ఏళ్లు దాగిన 'సిగ్‌స్పూఫ్' లోపం అసలు కథ ఇదీ

మెయిల్ ఓపెన్ చేశారు. పైన పచ్చ రంగు పట్టీ. 'సంతకం సరైనదే' అని రాసి ఉంది. పంపినవాళ్ల పేరు కూడా కరెక్టే. ఇంకేముంది.. ఎవరైనా నమ్మేస్తారు. కానీ ఆ మెయిల్ మీద అసలు సంతకమే లేదు. పంపింది కూడా వాళ్లు కాదు!

2018 జూన్‌లో 'సిగ్‌స్పూఫ్' పేరుతో బయటపడిన లోపం ఇది. జర్నలిస్టులు, లాయర్లు, హక్కుల కార్యకర్తలు, లైనక్స్ డెవలపర్లు ఏళ్ల తరబడి నమ్ముకున్న 'గ్నూపీజీ' అనే ఉచిత ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ చుట్టూ నడిచిన కథ. విచిత్రం ఏంటంటే.. ఇందులో ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఎన్‌క్రిప్షన్ వెనకున్న లెక్కల్లోనూ తప్పు దొర్లలేదు. గ్నూపీజీ చెప్పిన మాటను మిగతా సాఫ్ట్‌వేర్లు విన్న తీరులో తేడా వచ్చింది. దాన్ని తయారు చేసినవాళ్లు చూపించిన దారిలో విన్నవాళ్లకు ఏమీ కాలేదు. సొంత దారి వెతుక్కున్నవాళ్లే దొరికిపోయారు.

ఇంతకీ ఆ దారి ఏంటి? అందరూ అందులోనే ఎందుకు వెళ్లలేదు? వివరంగా చూద్దాం.

డిజిటల్ సంతకం అంటే ఏంటి?

ఈ-ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. కంప్యూటర్‌లో ఆ ఫైల్ ఓపెన్ చేస్తే సంతకం దగ్గర పసుపు రంగు ప్రశ్న గుర్తు కనిపిస్తుంది. వెరిఫై చేశాక అది పచ్చ టిక్‌గా మారుతుంది. ఆ టిక్ చెప్పేది రెండే ముక్కలు. ఈ ఫైల్‌ను ఫలానా సంస్థే ఇచ్చింది.. ఇచ్చాక మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేదు.

గ్నూపీజీ కూడా అలాంటి పనే చేస్తుంది, పద్ధతి మాత్రం వేరు. ఇక్కడ ప్రతి ఒక్కరి దగ్గరా రెండు కీలు ఉంటాయి. పబ్లిక్ కీ అందరికీ పంచిపెట్టేది. ప్రైవేట్ కీ మన దగ్గరే దాచుకునేది. మన ప్రైవేట్ కీతో సంతకం పెడితే, మన పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా దాన్ని సరిచూసుకోవచ్చు. మనకు రహస్యంగా ఏదైనా పంపాలంటే అవతలివాళ్లు మన పబ్లిక్ కీతో తాళం వేసి పంపుతారు. అది మన ప్రైవేట్ కీతో మాత్రమే తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మనకు తాళం వేసిన మెయిల్ పంపడానికి మన పబ్లిక్ కీ ఉంటే చాలు. అంటే లోకంలో ఎవరైనా పంపొచ్చు. అందుకే 'ఇది ఎవరు పంపారు?' అన్న ప్రశ్నకు సంతకం ఒక్కటే సమాధానం.

ఈ పద్ధతికి మూలం 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అమెరికాలో విడుదల చేసిన పీజీపీ. దానికి పూర్తి ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయంగా జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ 1997లో గ్నూపీజీ పని మొదలుపెట్టారు. 2013లో అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్, డాక్యుమెంటరీ డైరెక్టర్ లారా పోయిట్రాస్‌తో మొదట మాట్లాడింది ఇలాంటి ఎన్‌క్రిప్టెడ్ మెయిళ్లతోనే. అలాంటి చోట 'ఈ మెయిల్ నిజంగా ఆయనదేనా?' అన్నది ప్రాణాల మీదకు వచ్చే ప్రశ్న.

మెయిళ్లు ఒక్కటే కాదు. లైనక్స్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అది అసలైనదా, మధ్యలో ఎవరైనా కల్తీ చేశారా అని చూసేది కూడా ఈ తరహా సంతకాలతోనే. మనం వాడే వెబ్‌సైట్లలో చాలా వాటి వెనక నడిచేవి లైనక్స్ సర్వర్లే కాబట్టి, గ్నూపీజీ పేరు ఎప్పుడూ విననివాళ్లకు కూడా దీంతో సంబంధం ఉన్నట్టే.

ఒక సాఫ్ట్‌వేర్ మాట ఇంకో సాఫ్ట్‌వేర్ ఎలా వింటుంది?

గ్నూపీజీ స్వతహాగా కమాండ్ లైన్ ప్రోగ్రామ్. నల్ల స్క్రీన్ మీద కమాండ్ టైప్ చేస్తే, అక్షరాల్లో జవాబు ఇస్తుంది. మామూలు జనం అలా వాడలేరు కదా. అందుకే మెయిల్ యాప్‌లు, పాస్‌వర్డ్ మేనేజర్లు దాన్ని లోపల పెట్టుకుని, పైకి బటన్లు, పచ్చ పట్టీలు చూపిస్తాయి.

అలా లోపల పెట్టుకోవడానికి డెవలపర్ల ముందు రెండు దారులు ఉంటాయి. మొదటిది.. మనిషి కమాండ్ కొట్టినట్టే యాప్ కూడా వెనకాల కమాండ్ కొట్టి, వచ్చిన అక్షరాలను తనే చదువుకోవడం. 'మంచి సంతకం' అన్న అర్థం వచ్చే లైన్ కనిపిస్తే పచ్చ పట్టీ, లేకపోతే ఎర్ర పట్టీ. ఒక సాయంత్రంలో రాసేయొచ్చు.

రెండోది.. లైబ్రరీ వాడటం. గ్నూపీజీ టీమ్ డెవలపర్ల కోసమే 'జీపీజీఎంఈ' అనే లైబ్రరీ తయారు చేసింది. ఆ పేరుకు పూర్తి రూపం 'గ్నూపీజీ మేడ్ ఈజీ'. 'ఈ మెయిల్ సంతకం చూసి చెప్పు' అని అడిగితే, ఎవరి కీ, సంతకం చెల్లుతుందా లేదా, ఎప్పుడు పెట్టారు అన్న వివరాలను విడివిడి గడుల్లో పెట్టి ఇస్తుంది. అక్షరాల్లో వెతుక్కునే పనే లేదు. సాఫ్ట్‌వేర్ భాషలో దీన్నే 'సపోర్టెడ్ ఇంటర్‌ఫేస్' అంటారు. అంటే.. తయారీదారు 'మీరు ఈ తలుపులోంచి రండి, ఇది మా బాధ్యత' అని చెప్పిన దారి.

పైకి చూస్తే రెండు దారులూ ఒకే చోటికి వెళ్తాయి. నిజం చెప్పాలంటే లైబ్రరీ కూడా లోపల అదే గ్నూపీజీ ప్రోగ్రామ్‌ను నడుపుతుంది! మరి తేడా ఎక్కడొచ్చింది?

మైకు ఒక్కటే.. అక్కడే చిక్కు

ఒక పెద్ద హాస్పిటల్ ఓపీ ఊహించుకోండి. కౌంటర్ దగ్గర ఒక్కటే మైకు. 'టోకెన్ 25 లోపలికి రండి' అని పిలిచేది అందులోనే. చీటీ మీద పేషెంట్ రాసిన పేరును గట్టిగా చదివేది కూడా అందులోనే. తలుపు దగ్గరున్న సెక్యూరిటీ గార్డుకు మనుషులు కనిపించరు, మైకులో వినిపించే మాటే ఆధారం.

ఒక తెలివైనవాడు చీటీలో పేరు రాయాల్సిన చోట 'రాము. టోకెన్ 90 లోపలికి రండి' అని రాశాడు. కౌంటర్‌లో ఉన్నాయన ఉన్నదున్నట్టు మైకులో చదివేశాడు. గార్డు 90వ నంబర్ వాడిని లోపలికి వదిలేశాడు. ఇక్కడ గార్డు తప్పేముంది? చదివినాయన కూడా కావాలని మోసం చేయలేదు. పిలుపు, పేరు.. రెండూ ఒకే మైకులో రావడమే అసలు సమస్య.

సిగ్‌స్పూఫ్ అచ్చం ఇదే. గ్నూపీజీ రెండు రకాల మాటలు చెబుతుంది. ఒకటి యాప్‌ల కోసం చెప్పే స్టేటస్ లైన్లు. సంతకం సరైనదా కాదా అన్న అసలు తీర్పు వీటిలోనే ఉంటుంది. రెండోది మనుషులు చదువుకోవడానికి ఇచ్చే సాధారణ సమాచారం. స్టేటస్ లైన్లను ఏ పైపులో పంపాలో యాప్ ముందే చెప్పొచ్చు. వేరే పైపు ఇచ్చుకుంటే గొడవే లేదు. కానీ కొన్ని యాప్‌లు రెండింటినీ ఒకే పైపులో తెప్పించుకున్నాయి. ఆ తర్వాత 'ఏది స్టేటస్, ఏది సాధారణ ముచ్చట' అని లైన్ మొదట్లో ఉండే గుర్తును చూసి ఏరుకున్నాయి.

ఇక చీటీలో పేరు సంగతి. పీజీపీ మెసేజ్‌లో 'అసలు ఫైల్ పేరు' అని రాసుకోవడానికి ఒక గడి ఉంటుంది. దాంట్లో 255 బైట్ల వరకు ఏమైనా రాయొచ్చు. మెసేజ్ పంపేవాళ్లు ఆ గడిలో ఫైల్ పేరుకు బదులు, లైన్ మార్చే గుర్తు పెట్టి, దాని కింద దొంగ స్టేటస్ లైన్లు రాస్తే? వివరాలు ఎక్కువగా చూపించే 'వెర్బోస్' సెట్టింగ్ ఆన్‌లో ఉంటే గ్నూపీజీ ఆ ఫైల్ పేరును ఉన్నదున్నట్టు బయటకు చదివేసేది. యాప్‌కు మాత్రం అది ఫైల్ పేరులా కాకుండా 'ఫలానా వ్యక్తి సంతకం, సరైనదే' అన్న అధికారిక తీర్పులా వినిపించేది.

అంతే. పచ్చ పట్టీ!

దాడి చేసేవాడికి కావాల్సింది బాధితుడి పబ్లిక్ కీ ఒక్కటే. దాంతో తాళం వేసి, గడిలో దొంగ లైన్లు పెట్టి పంపిస్తే చాలు. ఎవరి ప్రైవేట్ కీ దొంగిలించనక్కర్లేదు, ఏ కంప్యూటర్‌లోకీ చొరబడనక్కర్లేదు. వెర్బోస్ సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, నిజమే. కానీ 'గ్నూపీజీని ఇలా సెట్ చేసుకుంటే బెస్ట్' అని ఇంటర్నెట్‌లో చెలామణి అయిన కొన్ని రెడీమేడ్ సెట్టింగుల్లో అది ఆన్‌లో ఉండేది. జాగ్రత్తగా ఉండాలని వాటిని కాపీ చేసుకున్నవాళ్లే ఎక్కువ రిస్క్‌లో పడ్డారన్నమాట.

దీన్ని పట్టుకున్నది మార్కస్ బ్రింక్‌మన్. గతంలో గ్నూపీజీ ప్రాజెక్టులోనే పనిచేసిన వ్యక్తి. లోపానికి సీవీఈ-2018-12020 అనే నంబర్ ఇచ్చారు. ఆరా తీస్తే దాని మూలం 1998 నాటి తొలి వెర్షన్లలోనే ఉందని తేలింది. అంటే 20 ఏళ్లుగా అందరి కళ్ల ముందే ఉందన్నమాట. అదే ఏడాది మే నెలలో పేపర్లలో హోరెత్తిన 'ఈఫెయిల్' వేరు, ఇది వేరు. అది రహస్యాన్ని బయటకు లాగే దాడి, ఇది సంతకాన్ని ఫేక్ చేసే దాడి.

ఎవరికి తగిలింది? ఎవరు తప్పించుకున్నారు?

థండర్‌బర్డ్ మెయిల్ యాప్‌లో అప్పట్లో చాలామంది వాడిన 'ఎనిగ్‌మెయిల్' ఎక్స్‌టెన్షన్‌కు తగిలింది. యాపిల్ కంప్యూటర్లలో వాడే జీపీజీటూల్స్‌కు తగిలింది. పైథాన్ భాషలో ప్రోగ్రామ్స్ రాసేవాళ్లు వాడే పైథాన్-గ్నూపీజీ అనే ప్యాకేజీకీ తగిలింది. అన్నీ గబగబా అప్‌డేట్లు ఇచ్చాయి.

మరి లైబ్రరీ దారిలో వెళ్లినవాళ్లు? 2018 జూన్ 8న విడుదలైన గ్నూపీజీ 2.2.8 ప్రకటనలోనే దానికి సమాధానం ఉంది. జీపీజీఎంఈ లైబ్రరీ వాడకుండా గ్నూపీజీని నడిపే మెయిల్ యాప్‌లు, ఇతర సాఫ్ట్‌వేర్లకు ముప్పు ఉండొచ్చని టీమ్ చెప్పింది. లైబ్రరీ మొదటి నుంచీ తీర్పుల కోసం వేరే పైపు పెట్టుకుంది కాబట్టి ఫైల్ పేరులో ఏం రాసినా అది తీర్పుల్లో కలవదు. హాస్పిటల్ భాషలో చెప్పాలంటే.. టోకెన్ నంబర్లకు వేరే డిస్‌ప్లే బోర్డు ఉన్నట్టు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. జీపీజీఎంఈ రాసినవాళ్లకు కూడా ఈ ఫైల్ పేరు లోపం తెలియదు. తెలిసి తప్పించుకోలేదు. రెండు రకాల మాటలను కలపకూడదన్న క్రమశిక్షణ పాటించారు, అంతే. తెలియని ప్రమాదం నుంచి కూడా అదే కాపాడింది. అదే పనిని ఎవరికి వాళ్లు సొంతంగా రాసుకుంటే, ప్రతి ఒక్కరూ ఆ క్రమశిక్షణను మళ్లీ మొదటి నుంచి కనిపెట్టాలి.

అదే సమయంలో బయటపడిన ఇంకో లోపం చూస్తే విషయం ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. లైనక్స్ జనంలో 'పాస్' అనే పాస్‌వర్డ్ మేనేజర్‌కు మంచి పేరుంది. చిన్నది, సింపుల్, ఓపెన్ సోర్స్. అది తన సెట్టింగ్స్ ఫైళ్ల మీద సంతకం ఉందో లేదో చూడటానికి గ్నూపీజీ ఇచ్చిన అక్షరాల్లో ఒక నమూనా కోసం వెతికేది. కానీ ఆ నమూనా అసంపూర్తిగా ఉంది. దాంతో దొంగ సంతకాన్ని అసలుదిగా నమ్మించే వీలు దొరికింది. ఫలితం ఏంటంటే.. ఆ ఫైళ్లను మార్చగలిగే చోట ఉన్న దాడి చేసేవాడు తన కీని కూడా లిస్టులో చేర్చేయొచ్చు. అప్పటి నుంచి సేవ్ అయ్యే పాస్‌వర్డ్‌లు అతనికీ తెరుచుకుంటాయి. ఎక్స్‌టెన్షన్ ఫైళ్లను మారిస్తే ఏకంగా కంప్యూటర్‌లో తనకు కావాల్సిన ప్రోగ్రామ్ నడిపించొచ్చు. ఒక్క లైన్‌లో మిస్సయిన చిన్న గుర్తు వల్ల పాస్‌వర్డ్‌ల బీరువా మొత్తం రిస్క్‌లో పడింది. 1.7.2 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు.

ఏడాది తర్వాత 2019లో జర్మనీ పరిశోధకుల బృందం మెయిల్ యాప్‌లను వరుసపెట్టి పరీక్షించింది. ఆ బృందంలో బ్రింక్‌మన్ కూడా ఉన్నారు. పీజీపీ సంతకాలను చూపించే 20 యాప్‌లను పరీక్షిస్తే 14 యాప్‌లలో ఏదో ఒక పద్ధతిలో దొంగ సంతకాన్ని అసలుదిగా చూపించగలిగారు. ఆఫీసుల్లో ఎక్కువగా వాడే ఎస్‌మైమ్ పద్ధతిలో 22కి 15 యాప్‌లు పడిపోయాయి. ఆ దాడుల్లో ఒక రకం.. సరిగ్గా ఇదే. యాప్‌కు, ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌కు మధ్య జరిగే సంభాషణలో దూరడం.

మరి అందరూ లైబ్రరీ ఎందుకు వాడలేదు?

'డెవలపర్లు బద్ధకస్తులు' అని కొట్టిపారేస్తే తేలిగ్గా ఉంటుంది కానీ, అది న్యాయం కాదు.

జీపీజీఎంఈ రాసింది సీ భాషలో. ఎనిగ్‌మెయిల్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల తరహాలో జావాస్క్రిప్ట్‌లో నడిచేది. ఒక భాష నుంచి ఇంకో భాషలోని లైబ్రరీని పిలవాలంటే మధ్యలో వంతెన కట్టాలి, ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ విడిగా బిల్డ్ చేయాలి. జీతం లేకుండా ఖాళీ సమయంలో పనిచేసే వాలంటీర్లకు అది పెద్ద పని. పైథాన్‌వాళ్లదీ అదే పరిస్థితి. గ్నూపీజీ టీమ్ తన లైబ్రరీతో పాటే అధికారిక పైథాన్ వంతెనను ఇవ్వడం మొదలుపెట్టింది 2016లో. అప్పటికే జనం సొంత దారులు వేసుకున్నారు.

అటు గ్నూపీజీ వైపు చూస్తే.. ఇన్ని కోట్ల సర్వర్ల భద్రతకు ఆధారమైన ఈ ప్రాజెక్టును చాలాకాలం దాదాపు ఒంటిచేత్తో లాక్కొచ్చింది వెర్నర్ కోఖ్. ఆయన డబ్బుల్లేక ఇబ్బంది పడుతున్నారని 2015 ఫిబ్రవరిలో అమెరికా వార్తా సంస్థ ప్రోపబ్లికా రాసేవరకు చాలామందికి తెలియదు. ఆ కథనం తర్వాత ఫేస్‌బుక్, స్ట్రైప్ కంపెనీలు ఏడాదికి చెరో 50 వేల డాలర్లు ఇస్తామన్నాయి. లైనక్స్ ఫౌండేషన్ కార్యక్రమం నుంచి 60 వేల డాలర్లు వచ్చాయి. మంచి డాక్యుమెంటేషన్, అన్ని భాషలకూ వంతెనలు.. ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని రాస్తేనే వస్తాయి. తలుపు ఉంటే సరిపోదు, దానికి రోడ్డు కూడా ఉండాలి కదా.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోనూ ఇదే గొడవ

గ్నూపీజీ పేరు వినకపోయినా పర్లేదు.. ఫోన్‌లో బ్యాంక్ వెబ్‌సైట్ తెరిస్తే పైన కనిపించే తాళం గుర్తు అందరికీ తెలుసు. ఆ తాళం వెనక సర్వర్ వైపు ఎక్కువగా పనిచేసేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ. 2014 ఏప్రిల్‌లో 'హార్ట్‌బ్లీడ్' లోపంతో ప్రపంచాన్ని వణికించింది కూడా ఇదే.

దీంట్లో తలుపులు రెండు రకాలు. ముందు తలుపు పేరు 'ఈవీపీ'. 'ఈ డేటాకు తాళం వెయ్' అని అడిగితే ఏ పద్ధతిలో, ఏ హార్డ్‌వేర్ సాయంతో వేయాలో అదే చూసుకుంటుంది. వెనక వైపు ఏఈఎస్, ఆర్‌ఎస్‌ఏ, ఎండీ5 లాంటి ఒక్కో పద్ధతికి నేరుగా పిలిచే లోపలి ఫంక్షన్లు ఉండేవి. ఇంట్లో మీటర్ ఉండగా కరెంటు స్తంభానికి కొక్కెం వేసుకున్నట్టు, చాలా ప్రోగ్రామ్స్ ఈ లోపలి ఫంక్షన్లనే పట్టుకుని వేలాడాయి.

దానివల్ల నష్టమేంటి? ఒకటి, వేగం. ఇప్పటి ప్రాసెసర్లలో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ కోసమే ప్రత్యేక సదుపాయం ఉంటుంది. ఈవీపీ తలుపులోంచి వెళ్తే అది దానంతట అదే అందుతుంది. ఏఈఎస్ లోపలి ఫంక్షన్‌ను నేరుగా పిలిస్తే ఆ లాభం దక్కేది కాదు. రెండోది భద్రత. పాత సాఫ్ట్‌వేర్ పద్ధతిలో డేటాను బట్టి పని చేసే సమయం కొద్దికొద్దిగా మారుతుంది. ఆ తేడాను కొలిచి కీని ఊహించే దాడులు ఉన్నాయి. ప్రాసెసర్ సదుపాయంతో ఆ బాధ తప్పుతుంది.

2016 ఆగస్టులో వచ్చిన 1.1.0 వెర్షన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టీమ్ ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. అప్పటిదాకా బయటి ప్రోగ్రామ్స్ నేరుగా చెయ్యి పెట్టి చదువుకునే లోపలి డేటా గడులను చాలావరకు మూసేసింది. కావాలంటే ఫంక్షన్‌ను అడిగి తీసుకోండి అంది. అంతే, లోపల చెయ్యి పెట్టి పనిచేసే ప్రోగ్రామ్స్ ఒక్కసారిగా బిల్డ్ కావడం ఆగిపోయాయి. సర్వర్లలోకి లాగిన్ అవ్వడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అధికారికంగా ఈ కొత్త పద్ధతికి మారింది 2018 అక్టోబర్‌లో వచ్చిన 7.9 వెర్షన్‌తో. అంటే రెండేళ్లకు పైగా! ఈలోపు కొన్ని లైనక్స్ సంస్థలు సొంతంగా ప్యాచ్‌లు వేసుకుని నెట్టుకొచ్చాయి.

ఇక్కడ లైబ్రరీవాళ్ల తప్పు కూడా లేకపోలేదు. పాత, కొత్త వెర్షన్లు రెండింటితోనూ పనిచేసేలా మధ్యలో ఒక మెట్టు సరిగా వేసి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదని డెవలపర్లు మొత్తుకున్నారు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 3.0 వెర్షన్‌లో లోపలి ఫంక్షన్లు చాలావాటిపై 'ఇక వాడొద్దు' అన్న ముద్ర పడింది. అయితే ఈసారి వెంటనే తీసేయలేదు. పాత 1.1.1 వెర్షన్‌కు ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబర్ 11తో ముగిసింది. కొక్కెం వేసుకున్నవాళ్లకు అసలు బిల్లు వచ్చేది ఇలాంటప్పుడే. లోపం బయటపడ్డాక ప్యాచ్ కొత్త వెర్షన్‌కే వస్తుంది. మన ప్రోగ్రామ్ మాత్రం పాత వెర్షన్‌తోనే కదలనంటుంది.

సరైన తలుపే.. అయినా జారిపడొచ్చు

అధికారిక ఇంటర్‌ఫేస్ వాడితే చాలు, అంతా సేఫ్ అనుకుంటే అదీ పొరపాటే. 2013లో అమెరికా పరిశోధకులు ఎన్‌క్రిప్షన్ ఫంక్షన్లు వాడే 11,748 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. వాటిలో 10,327 యాప్‌లలో, అంటే 88 శాతంలో, కనీసం ఒక తప్పు దొరికింది. వాళ్లలో ఎక్కువమంది వాడింది ఆండ్రాయిడ్ ఇచ్చిన అధికారిక ఫంక్షన్లే.

తప్పు ఎక్కడంటే.. ఆ ఇంటర్‌ఫేస్ డిజైన్‌లోనే ఒక ఉచ్చు ఉంది. జావా పద్ధతిలో కేవలం 'ఏఈఎస్' అని రాస్తే సాధారణంగా అది 'ఈసీబీ' అనే బలహీనమైన విధానాన్ని ఎంచుకుంటుంది. ఈసీబీలో ఒకే రకం ముక్కకు ఎప్పుడూ ఒకే రకం ఫలితం వస్తుంది. ఒక ఫొటోకు అలా తాళం వేస్తే రంగులు మారతాయి తప్ప బొమ్మ ఆకారం కనిపిస్తూనే ఉంటుంది! డెవలపర్ మాత్రం 'ఏఈఎస్ పెట్టాను, బలమైనదే కదా' అనుకుని వెళ్లిపోతాడు.

ఈ అనుభవాల నుంచే కొత్త తరం లైబ్రరీలు పుట్టాయి. డేనియల్ బెర్న్‌స్టీన్, తాన్యా లాంగే, పీటర్ ష్వాబే తయారు చేసిన 'నాసిల్', దాన్ని అందరికీ తేలిగ్గా అందించిన 'లిబ్‌సోడియం', గూగుల్ ఇంజినీర్ల 'టింక్'.. వీటన్నిటి ఆలోచన ఒక్కటే. ఏ ఆల్గరిథమ్, ఏ మోడ్ అని డెవలపర్‌ను అడగొద్దు. 'దాచు', 'తెరువు' అని రెండు బటన్లు ఇవ్వు. మధ్యలో ఎవరైనా డేటా మారిస్తే తెరవనే తెరవకు. ప్రతిసారీ కొత్తగా ఉండాల్సిన 'నాన్స్' అనే నంబర్ విషయంలో లిబ్‌సోడియంలోని కొన్ని ఫంక్షన్లకు డెవలపరే దాన్ని ఇవ్వాలి, టింక్ అయితే అది కూడా తనే చూసుకుంటుంది.

ఇక కమాండ్ లైన్ వాడక తప్పని చోట్ల? చిన్న స్క్రిప్టులు రాసేవాళ్లకు ఇది తప్పదు. అది కూడా పాపం కాదు. గ్నూపీజీ స్టేటస్ లైన్లు ఉన్నదే ప్రోగ్రామ్స్ కోసం. వాటికి వేరే పైపు ఇవ్వాలి. లైన్ మొదటి నుంచి చివరి వరకు నమూనా సరిచూడాలి. యూజర్ సెట్టింగ్స్ ఎలా ఉన్నా వెర్బోస్ ఆఫ్ చేసి నడపాలి. కేవలం సంతకం చూడటమే పని అయితే, దానికోసమే ఉన్న జీపీజీవీ అనే చిన్న ప్రోగ్రామ్ వాడొచ్చు.

మరి మామూలు యూజర్లు ఏం చూసుకోవాలి?

థండర్‌బర్డ్ వాడేవాళ్లకు పెద్ద మార్పు ఇప్పటికే జరిగిపోయింది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ సదుపాయం యాప్‌లోనే ఉంది. ఆర్‌ఎన్‌పీ అనే లైబ్రరీని లోపలే పెట్టుకుంది కాబట్టి సంతకం సంగతి తేల్చడానికి బయటి ప్రోగ్రామ్ అక్షరాలను ఏరుకునే పని తప్పింది. ఎనిగ్‌మెయిల్ అవసరం తీరిపోయింది. ఇంకా పాత థండర్‌బర్డ్, పాత ఎనిగ్‌మెయిల్‌తోనే నడిపిస్తుంటే మాత్రం ఈరోజే మార్చుకోండి. పాస్ వాడేవాళ్లు 1.7.2 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉందో లేదో చూసుకోవాలి.

గ్నూపీజీ విషయానికొస్తే.. 2.2.8 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో ఫైల్ పేరును శుభ్రం చేశాకే బయటకు చదువుతుంది. పాత 1.4 సిరీస్ వాడేవాళ్లకు 1.4.23లో సరిచేశారు. లైనక్స్‌లో ఒక చిన్న తిరకాసు ఉంది. డెబియన్, ఉబుంటు లాంటివి పాత వెర్షన్ నంబర్ అలాగే ఉంచి, దాని మీదే ప్యాచ్ వేసి ఇస్తుంటాయి. కాబట్టి నంబర్ తక్కువగా కనిపించిందని కంగారు పడొద్దు. మీ సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో చూసుకోండి. రావడం ఆగిపోయిన పాత సిస్టమ్ అయితే, అందులో కనిపించే పచ్చ పట్టీని చూసి డబ్బు పంపడం, ఫైల్ ఓపెన్ చేయడం లాంటివి చేసే ముందు అవతలివాళ్లకు ఒక్క ఫోన్ కొట్టండి.